ఇరవై అయిదో పైల్: నల్లరేగడిలో ఇల్లు కట్టిన నా అనుభవం

మా పాత ఇంట్లో వంటింటి తలుపు వానలు మొదలైన నెలకల్లా బిగుసుకుపోతుంది. భుజంతో నెట్టి మూయాలి, కాలితో తన్ని తెరవాలి. సంక్రాంతి వెళ్లాక మెల్లగా దారికొస్తుంది. మే నెలకి చిన్న గాలికే టపటపా కొట్టుకుంటూ ఉంటుంది. చెక్క నీళ్లు పీల్చి ఉబ్బుతోందని మొదటి నుంచీ అనుకునేవాణ్ణి. చెక్క కొంత ఉబ్బే ఉంటుంది. కానీ ఉబ్బేది చెక్క ఒక్కటే కాదని తెలియడానికి నాకు నలభై ఎనిమిదేళ్లు పట్టింది.

మాది నరసరావుపేట దగ్గర ఓ పల్లెటూరు. పత్తి, మిరప, శనగ పండే ఊరు, చుట్టూ నల్లరేగడి. రోహిణీ కార్తెలో చేలో నెర్రెలు విచ్చితే చెయ్యి మోచేతి దాకా దూరుతుంది. గోలీలు అందులో పడేసుకుని ఏడ్చిన రోజులు నాకింకా గుర్తే. అదే చేలోకి శ్రావణమాసంలో దిగితే అడుగడుక్కీ చెప్పు బరువెక్కుతుంది, పుల్లతో గీక్కుంటూ నడవాలి. ఆ మట్టి మీదే మా నాన్న 1991లో రెండున్నర అడుగులు తవ్వి, రాతి పునాది వేసి, మూడు గదుల స్లాబు ఇల్లు కట్టారు. మూడో ఏడు తిరక్కుండానే కిటికీ మూలల నుంచి బీటలు ఏటవాలుగా పైకి పాకాయి.

ప్రతి వేసవి సెలవుల్లోనూ నాన్నకి అదో పని. బీటని ఉలితో కాస్త వెడల్పు చేసి, తడిపి, సిమెంటు కూరి, పైన సున్నం కొట్టేవారు. దసరాకి ఆ పక్కనే ఇంకో బీట వచ్చేది. "పని సరిగ్గా కుదరలేదురా" అనుకుని మళ్లీ మరుసటేడు. ముప్పై ఏళ్లు ఆయన చేసింది ఇదే.

నేను హైస్కూల్లో లెక్కల మాస్టారిని. పాత ఇంటి పక్కనే ఉన్న అయిదు సెంట్లలో కింద ఒకటి, పైన ఒకటి వాటాలుగా కొత్త ఇల్లు కడదామని 2022 మొదట్లో అనుకున్నాం. ఊళ్లో సగం ఇళ్లు కట్టిన మేస్త్రినే పిలిచాం. ఆయన స్థలం చుట్టూ ఒకసారి నడిచి, "నాలుగడుగులు తవ్వుదాం మాస్టారూ, అడుగున ఓ అడుగు ఇసుక పోసి నీళ్లు పెడదాం, ఆ పైన రాయి. ఊరంతా ఇట్టాగే కట్టుకున్నారు" అన్నాడు. ఊరంతా అలాగే కట్టుకున్న మాట నిజం. ఊరంతా బీటలున్న మాట కూడా నిజమే కదా అని నాకు ఆ రాత్రి తట్టింది.

మా బాబాయి ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకి ఫోన్ చేస్తే, "ఒరేయ్ అబ్బాయ్, రేగడిలో కాలువ లైనింగు బిళ్లలు బిళ్లలుగా లేచిపోవడం నేను కళ్లారా చూశాను. సిమెంటు పలకనే లేపే మట్టికి నీ ఇల్లెంత? ముందు సాయిల్ టెస్ట్ చేయించు" అని పెట్టేశారు. లేపడం అన్న మాట నాకు వింతగా అనిపించింది. ఇల్లు కుంగుతుందని వినడమే గాని లేస్తుందని ఎప్పుడూ వినలేదు.

నా దగ్గర పదో తరగతి చదివిన ఒకమ్మాయి సివిల్ చేసి, ఆ పైన ఎంటెక్‌లో ఇదే మట్టి చదువు చదివి, గుంటూరులో ఓ ల్యాబులో పనిచేస్తోంది. ఆమెను అడిగాను. "వస్తాను సార్. కానీ టెస్ట్ రిపోర్ట్ వచ్చేదాకా ఇంటి ప్లాను మీద ఒక్క గీత కూడా గీయించొద్దు" అంది. క్లాసులో నేను "గ్రాఫ్ వేయకుండా జవాబు రాయకండి" అని అరిచేవాణ్ణట. అది తిప్పి నాకే అంటించింది.

మే రెండో వారంలో ముక్కాలి స్టాండు, కప్పీ, ఇనప గొట్టాలు వేసుకుని ట్రాక్టర్ వచ్చింది. వీధివీధంతా పోగయింది. బోరింగ్ వేయిస్తున్నామనుకుని "నీళ్లు పడ్డాయా మాస్టారూ?" అని అడిగినవాళ్లు పదిమందికి తక్కువ ఉండరు. వాళ్లకి సర్దిచెప్పడం మా నాన్న తీసుకున్నారు, వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని.

ఆ పరీక్ష చూడ్డానికి మొరటుగా ఉంటుంది గాని లెక్క మహా కచ్చితం. 63.5 కిలోల ఇనప సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. దాని దెబ్బకి కింద ఉన్న చీలుడు గొట్టం మట్టిలోకి దిగుతుంది. మొత్తం 45 సెంటీమీటర్లు దించాలి. మొదటి 15 లెక్కలోకి రావు, తవ్వేటప్పుడు కదిలిన మట్టి కాబట్టి. తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో అదే ఆ లోతులో నేల గట్టిదనానికి కొలత. దాన్ని ఎన్ విలువ అంటారు. నేను పక్కనే నిలబడి కాగితం మీద గీతలు గీస్తూ లెక్కపెట్టాను. మీటరున్నర దగ్గర ఏడు. మూడు మీటర్ల దగ్గర పద్నాలుగు. నాలుగున్నర దగ్గర ఇరవై ఆరు. గొట్టం విప్పి చూపిస్తే రెండున్నర మీటర్ల పైచిలుకు దాకా నల్లటి జిగురుమట్టి, ఆ కింద పసుపు ముదిరిన రంగులో తెల్లటి సున్నపు గులకలు కలిసిన గట్టి మట్టి. మా నాన్న ఆ పసుపు మట్టిని గోటితో గీకి, "మన బావి తవ్వినప్పుడు ఇదే తగిలింది" అన్నారు.

ఎన్ విలువలు చూసి నాకు ధైర్యం వచ్చింది. పర్లేదు, నేల గట్టిగానే ఉంది అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, "సార్, ఒకసారి ల్యాబుకి రండి" అంది.

ఆ ల్యాబులో చూసిన చిన్న పరీక్ష గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నా ఇంటి పునాది అక్కడే తేలింది. మన మట్టిని ఎండబెట్టి, దంచి, సన్న జల్లెడ పట్టి, పది గ్రాముల చొప్పున రెండు పొట్లాలు కడతారు. రెండు గాజు కొలజాడీలు. ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరసనాయిలు. రెంట్లోనూ మట్టి పోసి, గాలి బుడగలు పోయేలా కలిపి, ఒక రోజు కదపకుండా వదిలేస్తారు. కిరసనాయిలుని ఈ మట్టి పీల్చుకోదు, కాబట్టి అందులో అది ఉన్నంతే ఉంటుంది. మర్నాడు వెళ్లి చూస్తే కిరసనాయిలు జాడీలో మట్టి 11 గీత దగ్గర బుద్ధిగా కూర్చుని ఉంది. నీళ్ల జాడీలో అదే పది గ్రాముల మట్టి 23 దాకా లేచింది, పైభాగం ముద్ద జావలా. పెరిగిన పన్నెండుని పదకొండుతో భాగించి నూటితో గుణిస్తే 109 శాతం. యాభై లోపుంటే పెద్దగా భయం లేదంటారు. వంద దాటితే జాగ్రత్త తప్పదు. పక్కపక్కన పెట్టిన ఆ రెండు జాడీలను ఫొటో తీసి నాన్నకి చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. "ఆ నీళ్లది మన వంటిల్లు కదా" అన్నారు చివరికి.

నిజంగానే అది మా వంటిల్లు. వంటింటి గోడ వెనకాలే అంట్లు తోమే గోలెం, బట్టలుతికే రాయి. అక్కడ నేల ఏడాది పొడుగునా తడుస్తుంది. వీధి వైపు గోడ పక్కన వేపచెట్టు, అది వేసవిలో నేలలో ఉన్న తేమంతా తాగేస్తుంది. ఒక పక్క లేస్తుంటే ఇంకో పక్క దిగుతుంది. నడుమ గోడ ఏం చేస్తుంది, పగులుతుంది. ఈ మట్టిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమన్ను ఖనిజం ఉంటుందట. పేకముక్కల కట్టలా పొరలు పొరలుగా ఉండి, నీళ్లు తగిలితే పొరల మధ్యకి తీసుకుని ఉబ్బుతుంది, ఎండితే వదిలేసి ముడుచుకుపోతుంది. వేసవిలో బీట పూర్తిగా తెరుచుకున్నప్పుడు నాన్న దాన్ని పూడ్చేవారు. వానల్లో అది మూసుకుందామంటే చోటు లేక పక్కన ఇంకోటి పగిలేది. ముప్పై ఏళ్ల చాకిరీ మీద ఈ ఒక్క మాట చెప్పాల్సి వచ్చినప్పుడు నాకే మనసొప్పలేదు.

తర్వాత ఆమె వేయించిన లెక్క ఇది. లెక్కల మాస్టారిని కాబట్టి నాకు ఇదే గట్టిగా తగిలింది. నేల లోపలి నుంచి కదపకుండా తీసిన మట్టి ముద్దని బిళ్లలా కోసి, తడిపి, అది ఉబ్బకుండా ఆపడానికి ఎంత బరువు కావాలో కొలిచారు. మా మట్టికి చదరపు మీటరుకి సుమారు 12 టన్నులు వచ్చింది. మరి నాన్న కట్టిన ఇల్లు నేలని ఎంత నొక్కుతోంది? గోడ, స్లాబు కలిపి మీటరు పొడవుకి నాలుగు టన్నులు, పునాది వెడల్పు రెండున్నర అడుగులు. అంటే చదరపు మీటరుకి అయిదు టన్నుల పైచిలుకు. కింద నుంచి పన్నెండు, పైనుంచి అయిదు. ఇల్లు బరువై కుంగలేదు, తేలికై లేచింది. పునాది అంటే బరువు మోసేదని నేను ఇన్నేళ్లూ పిల్లలకి కూడా చెప్పుకొచ్చాను. మా ఊళ్లో మాత్రం పునాది ఇంటిని ఎగరకుండా పట్టుకోవాలి.

ఉపాయాలు నాలుగు చెప్పింది. రేగడి మొత్తం తోడిపోసి వేరే మట్టి నింపడం ఒకటి. రెండున్నర మీటర్ల లోతున, పక్కనే పాత ఇల్లు పెట్టుకుని, అది కుదరదు. మట్టిలో సున్నం కలపడం రెండోది. ఎండుమట్టి బరువులో మూడు నుంచి అయిదు శాతం సున్నం బాగా కలిపి దిమ్మిస కొడితే ఉబ్బు చాలావరకు అణుగుతుంది. రోడ్లకి బాగా పనికొస్తుంది గాని ఇంటి కింద అంత లోతు దాకా కలిపేదెలా? ఇల్లంతటికీ కలిపి మందంగా ఒకే కాంక్రీటు పలక వేయడం మూడోది, ఖర్చు వింటే కళ్లు తిరిగాయి. నాలుగోది అండర్‌రీమ్డ్ పైల్, అంటే అడుగున ఉబ్బెత్తు ఉండేలా నేలలో గుంత తవ్వి పోసే కాంక్రీటు స్తంభం. రూర్కీలో ఉన్న కేంద్ర భవన పరిశోధన సంస్థ సరిగ్గా ఇలాంటి నేలల కోసమే ఈ పద్ధతిని రూపొందించి దేశమంతా వాడుకలోకి తెచ్చింది. భారతీయ ప్రమాణం ఐఎస్ 2911 మూడో భాగంలో దీని వివరాలన్నీ ఉన్నాయి.

చూడ్డానికి తలకిందులుగా వేలాడే కరెంటు బల్బులా ఉంటుంది అని నేనంటే ఆమె ఒప్పుకోలేదు, గంట ఆకారం అంది. నేలలోకి సన్నటి గుండ్రటి గొయ్యి, అడుగున ఉబ్బెత్తు. వానలకి ఎండలకి పైన మూడున్నర మీటర్ల దాకా నేల ఊపిరి తీస్తుంది, వదులుతుంది. ఆ కింద తేమ ఏడాదంతా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఉబ్బెత్తు అక్కడ కూర్చోవాలి. పై మట్టి లేస్తూ పైల్‌ని పట్టుకుని లాగినా, అడుగున బల్బు కదలనివ్వదు. మాకు గుంత అడ్డం 30 సెంటీమీటర్లు, బల్బు అడ్డం దానికి రెండున్నర రెట్లు అంటే 75, లోతు నాలుగు మీటర్లు. ఇలాంటిది ఒక్కోటి 16 టన్నులు మోస్తుంది, పైకి లాగితే 8 టన్నుల దాకా ఆగుతుంది. గోడల మొత్తం పొడవు 58 మీటర్లు, సుమారు 2.4 మీటర్లకొకటి చొప్పున 24 పైల్స్. కాగితం మీద అంతే.

మా మేస్త్రికి ఇది నచ్చలేదు. "బ్రిడ్జీ కడతన్నామా మాస్టారూ?" అన్నాడు. అయినా పని వదులుకోలేదు, గుంతలు తవ్వడానికి వేరే ముఠాని మాట్లాడుకున్నాం, పైపని ఆయనదే.

ముఠాలో అయిదుగురు. మర అంటే పొడుగాటి ఇనప గొట్టం, చివర మరమేకులా తిరిగే ఆగర్, పైన అడ్డంగా పిడి. నలుగురు పిడి పట్టుకుని గానుగెద్దుల్లా తిరుగుతుంటే మట్టి పైకొస్తుంది. నాలుగు మీటర్లు దిగాక ఆగర్ తీసి అండర్‌రీమర్ దించుతారు. దానికి రెండు బ్లేడ్లు, కింద ఓ బకెట్. పైనుంచి నొక్కి తిప్పుతుంటే బ్లేడ్లు గొడుగులా విచ్చుకుని పక్కలకి తొలుస్తాయి, తెగిన మట్టి బకెట్లో పడుతుంది. బకెట్ నిండితే పైకి లాగుతారు, లాగగానే బ్లేడ్లు ముడుచుకుంటాయి. మట్టి పారబోసి మళ్లీ దించడం. ఒక్కో బల్బుకి ఇలా చాలా సార్లు చేయాలి. రోజుకి మూడు గుంతలు అయ్యేవి.

ఇబ్బంది ఏమిటంటే, పదమూడు అడుగుల కింద బల్బు తెగిందో లేదో ఎవరు చూడొచ్చారు? టార్చిలైటు వేస్తే నల్లటి చీకటి తప్ప ఏమీ కనపడదు. ఆ అమ్మాయి ఒక చిట్కా చెప్పింది. పొడుగాటి ఊచని చివర జానెడు మేర మడమలా వంచి గుంతలోకి దించాలి. బల్బు దగ్గర పక్కకి జరిపితే వంపు లోపలికి దూరి చుట్టూ తిరగాలి. గోడకి తగిలి ఆగిపోతే అక్కడ తెగలేదని. మొదటి రోజు ఆ ఊచ నేనే పట్టుకున్నాను. పళ్లెం అంచు చుట్టూ గరిటె తిరిగినట్టు తిరిగింది. ఆ స్పర్శ చేతికి ఇప్పటికీ గుర్తుంది.

రెండో చిట్కా నేనే కనిపెట్టాను, కొంచెం గర్వంగానే చెబుతున్నాను. బల్బు లేని గుంతకి పది ఘనపుటడుగుల కాంక్రీటు చాలు. బల్బు ఉంటే పన్నెండున్నర. మేం కలిపే పాళ్లలో ఒక సిమెంటు బస్తాకి నాలుగున్నర ఘనపుటడుగుల కాంక్రీటు వస్తుంది. అంటే బల్బు పూర్తిగా తెగిన పైల్ మూడు బస్తాలకి కాస్త తక్కువగా మింగాలి, తెగనిది రెండుంపావుతో నిండిపోతుంది. కాబట్టి ఖాళీ బస్తాలు లెక్కపెడితే చాలు. స్కూలుకి వేసవి సెలవులే, పనేముంది.

ఊచల పంజరం దగ్గర ఒక పేచీ వచ్చింది. పన్నెండు మిల్లీమీటర్ల ఊచలు నాలుగు, వాటికి రింగులు, అడుగు దాకా వెళ్లాలి. మేస్త్రి సగం దాకా చాలన్నాడు. "కింద బరువు నేల మోస్తది, ఇనుము దేనికి? దండగ." మామూలు నేలలో ఆ మాటలో న్యాయం ఉందేమో. ఇక్కడ మట్టి పైల్‌ని పైకి లాగుతుంది. నొక్కితే కాంక్రీటు ఆగుతుంది, లాగితే తెగుతుంది. చాక్‌పీసు తీసి రెండు చేతులా నొక్కి చూపించాను, తర్వాత వంచి విరిచి చూపించాను. వంచడం, లాగడం ఒకటి కాదని నాకు తెలుసు గాని ఆ పూటకి పనిచేసింది.

ఏడో రోజు సాయంత్రం నాలుగున్నరకి ఉత్తరాన మబ్బు పట్టింది. ఆ రోజు తవ్విన మూడింట్లో ఒకటి నింపాం, రెండు బల్బులు తెగి ఖాళీగా ఉన్నాయి. తవ్విన రోజే కాంక్రీటు పడాలన్నది మొదటి రోజు నుంచీ చెప్పుకున్న నియమం. ముఠావాళ్లు "పొద్దున్నే ఏసేద్దాం సార్" అని రేకులు కప్పి వెళ్లిపోయారు. నేనూ టెన్షన్ పడ్డానే గాని గట్టిగా ఆపలేదు. అది నా తప్పే. రాత్రంతా ఒకటే వాన. తెల్లవారి రేకులు తీస్తే ఒక గుంతలో మోకాలెత్తు నీళ్లు, రెండోదాంట్లో పక్కలు విరిగి అడుగున బురద. "నీళ్లు తోడేసి పోసేద్దాం, సిమెంటు కాస్త ఎక్కువేద్దాం" అన్నారు. ఫోన్ చేస్తే ఆ అమ్మాయి గొంతు మొదటిసారి కటువుగా విన్నాను. "సార్, మెత్తబడిన మట్టి మీద బల్బు కూర్చోబెడితే అది పరుపు మీద కూర్చున్నట్టే. తోడించండి, బురద మొత్తం తీయించండి, ఇంకో అడుగు కిందికి తవ్వించి అక్కడ కొత్తగా బల్బు కోయించండి." ఒక రోజు పోయింది. ముఠా పెద్ద అదనపు కూలి అడిగాడు, సగం ఇచ్చాను.

ఆ హడావుడిలోనే అసలు సంగతి జరిగింది. ఒక పక్క బురద తీస్తుంటే ఇంకో పక్క తూర్పు గోడ మీది పైల్ తవ్వి, నేను రాకముందే నింపేశారు. చూస్తే ఖాళీ బస్తాలు రెండు, మూడోదాంట్లో ముప్పాతిక మిగిలి ఉంది. రెండుంపావు. నా లెక్కలో బల్బు లేని గుంత. "ఇదేమిటి?" అంటే "నిండిపోయింది సార్" అన్నాడు కుర్రాడు. కాసేపు నసిగి నసిగి చెప్పాడు. అక్కడ సున్నపు గులకలు గట్టిగా తగిలి బ్లేడ్లు విచ్చుకోలేదట. తిప్పి తిప్పి చేతులు బొబ్బలెక్కి ఆపేశారట. ఆ బొబ్బలు చూశాక తిట్టబుద్ధి కాలేదు. పచ్చి కాంక్రీటు తోడించడం నా వల్ల కాలేదు, అప్పటికే పంజరం కూడా దించేశారు. ఫొటో, కొలతలు పంపిస్తే ఆమె లెక్క చూసి, దాన్ని అలాగే వదిలేసి, అదే గోడ మీద నాలుగడుగుల దూరంలో ఇంకో పైల్ వేయమంది. గులకలు తగిలిన చోట ఉలి లాంటి బరువు గునపంతో పొడిచి, ఆ తర్వాత రీమర్ దించాలంది. అలా ఇరవై అయిదోది పడింది. దానికి మూడు బస్తాలు పట్టాయి. మా ఇంట్లో ఇప్పటికీ ఏ పనైనా రెండోసారి చేయాల్సి వస్తే "ఇరవై అయిదోదా?" అంటారు నాన్న.

పైల్స్ అయ్యాయి, గండం గడిచిందనుకున్నాను. పైల్స్ తలల్ని కలుపుతూ బీము వేయాలి, దాని మీద గోడ లేస్తుంది. ఆ బీముకీ నేలకీ మధ్య 80 మిల్లీమీటర్లు, అంటే మూడంగుళాల పైచిలుకు ఖాళీ ఉండాలి. నేల ఉబ్బితే ఆ ఖాళీలోకి ఉబ్బుతుంది, బీముని తాకదు. ఇది మేస్త్రికి ఎంత చెప్పినా ఎక్కలేదు. ఆయన ముప్పై ఏళ్లుగా బీము కింద బెడ్డు కాంక్రీటు వేస్తున్నాడు. ఇప్పుడు గాల్లో వేలాడదీయమంటే? "పాములు దూరవా మాస్టారూ?" అన్నాడు. ఇది మాత్రం న్యాయమైన ప్రశ్న. కింద ఇసుక పరిచి, దాని మీద ప్లాస్టిక్ షీటు వేసి బీము పోశాం. పది రోజుల తర్వాత ఆ ఇసుకని పారలతో, ఊచలతో లాగేశాం. మా తమ్ముడి పిల్లలు దాన్నో ఆటగా తీసుకుని, పడుకుని మరీ కెలికారు. పక్కల్లో మట్టి జారి పడకుండా, పాములు దూరకుండా నాపరాళ్లు వాలుగా నిలబెట్టి మూసేశాం. అమ్మ ఇప్పటికీ సాయంత్రం అటు వైపు టార్చిలైటు లేకుండా వెళ్లదు.

గదుల్లో నేల సంగతి వేరే. గోడలు పైల్స్ మీద నిలబడ్డాయి సరే, బండలు పరిచేది మట్టి మీదేగా. మేస్త్రి అన్నట్టు ఇసుక నింపితే ఇసుక నీళ్లని చెరువులా పట్టి ఉంచి, కింద రేగడికి తాగిస్తూ ఉంటుంది. ఐఐటీ బొంబాయిలో ఆచార్య ఆర్.కె. కట్టి ఈ మట్టి మీద ఏళ్ల తరబడి పనిచేసి, ఉబ్బని జిగురుమట్టి పొరని మీటరు మందాన దిమ్మిస చేసి పరిస్తే కింద రేగడి ఉబ్బు అణుగుతుందని చూపించారు. కాలువల లైనింగు కింద వేసే పొర అదే. బాబాయికి ఆ సంగతి ముందే తెలుసు, "చెప్పానుగా" అన్నారు, చెప్పలేదు. గదుల్లో మూడడుగుల నల్లమట్టి తీయించి, ఎర్ర గ్రావెల్ జానెడు జానెడు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టించాం. గ్రావెల్ పేరుతో ఒక ట్రాక్టర్ మట్టిలో నల్లటి పెడ్డలు వస్తే తిప్పి పంపాను. అప్పటికి నేనూ ముదిరాను.

ఇంటి చుట్టూ నాలుగడుగుల వెడల్పున బయటికి వాలుగా సిమెంటు గచ్చు, దాని అంచున కాలువ. గోలెం ఇంటికి ఆమడ దూరం జరిగింది, అమ్మ మాటల్లో. చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో ఇంటికి కనీసం అంత దూరంలో నాటమని చెబితే కొబ్బరి మొక్క ప్రహరీ మూలకి పోయింది. స్నానాల గది పైపులు పూడ్చేముందు నీళ్లు నింపి ఒక రోజంతా ఉంచి చూశాం. ఇల్లు కట్టాక ఒక్క పైపు లోపల కారినా ఇంత చేసిందీ సగం వృథా అవుతుందని ఆ అమ్మాయి హెచ్చరించింది.

ఖర్చు అడుగుతారని తెలుసు. సాయిల్ టెస్టు, పైల్స్, బీము, గ్రావెల్ అన్నీ కలిపి మేస్త్రి మొదట చెప్పిన పునాది కంటే మాకు లక్షా ఎనభై వేలు ఎక్కువైంది. ఆ డబ్బుకి పైన గ్రిల్స్, టేకు గుమ్మం వచ్చేవి. గృహప్రవేశానికి వచ్చిన వాళ్లంతా గుమ్మం వేప చెక్కదని గమనించారు. కింద ఏముందో అడిగినవాళ్లు లేరు, మేస్త్రి తప్ప. ఆయన మాత్రం వచ్చినవాళ్లని బయటికి తీసుకెళ్లి నాపరాయి పక్కకి జరిపి, "చూడండి, ఇల్లు గాల్లో ఉంది" అని చూపించాడు, తనే కనిపెట్టినట్టు.

రెండు వానాకాలాలు, రెండు వేసవులు గడిచాయి. పాత ఇంట్లో బీట పక్కన ఆ అమ్మాయి చెప్పినట్టు పెన్సిలుతో రెండు గీతలు పెట్టి, తారీకు వేసి, స్కేలుతో కొలవడం నాన్నకి కొత్త వ్యాపకమైంది. మేలో 9 మిల్లీమీటర్లు, అక్టోబరులో 4. సిమెంటు కూరడం మానేశారు. కొత్త ఇంట్లో తలుపులన్నీ రెండు కాలాల్లోనూ ఒకేలా పడుతున్నాయి. పై వాటాలో స్లాబు, గోడ కలిసే చోట సన్నటి వెంట్రుకంత గీత ఒకటి ఉంది. అది నేల వల్ల కాదు, సిమెంటు ఆరడం వల్లే అంది ఆమె. అయినా నాన్న దానికీ తారీకు వేశారు.

చేతిలో డబ్బైపోయి ప్రహరీ గోడ మాత్రం మేస్త్రి పద్ధతిలోనే కానిచ్చేశాం, రెండడుగులు తవ్వి, ఇసుక పోసి. "గోడే కదా మాస్టారూ" అన్నాడు, నేనూ సరేనన్నాను. మొన్న వినాయక చవితికి ముందు మా మనవరాలు బంతి కోసం అటు వెళ్లి, "తాతయ్యా, గోడ నవ్వుతోంది" అంది. గేటు పక్క నుంచి కొబ్బరి మొక్క దాకా ఏటవాలుగా, చిటికెన వేలు దూరేంత. నాన్న ఏమీ అనలేదు. కళ్లజోడు తెప్పించుకుని, చెవి మీది పెన్సిలు తీసి, ఆ పక్కా ఈ పక్కా రెండు గీతలు గీసి తారీకు వేశారు.